లాకుల మలుపులో రెండు హారన్లు

నేను ఒక పాత బుల్లెట్‌ని. కూర్చోబెడితే కూర్చునే జాతి కాదు మాది. అయినా నిడదవోలు దగ్గర ఒక కాలవ ఒడ్డు ఊళ్లో, రేకుల షెడ్డు కింద, పాత దుప్పటి కప్పుకుని మూడేళ్లు స్టాండు మీద నిలబడ్డాను. దుప్పటి కప్పింది ప్రేమతోనే. ఆ ప్రేమను చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

పుట్టింది మద్రాసులో. మొదట నన్ను కొన్నది ఒక రైసుమిల్లు ఆసామి. ఆయనకు నన్ను నడపడం కంటే నిలబెట్టడం ఇష్టం. పెళ్లిళ్లకు తీసుకెళ్లి, నలుగురికీ కనపడే చోట ఆపి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కూర్చునేవాడు. కదిలే వస్తువు కొని కదలకుండా కాపలా కాయడం మనుషులకు అదో సరదా. ఆ సరదా తీరాక కొప్పిశెట్టి భాస్కరానికి అమ్మేశాడు. నా బతుకు అప్పుడు మొదలైంది.

భాస్కరం సినిమా రీళ్లు మోసేవాడు. ఆ రోజుల్లో ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడేది. నిడదవోలులో మొదటి రీళ్లు తిరగడం అయిపోగానే వాటిని పెట్టెలో సర్ది, నా వెనక కట్టి, కాలవగట్టు వెంట మా ఊరి హాలుకు తేవాలి. మేం ఆలస్యమైతే ఇక్కడ తెర మీద తాళి కట్టబోయే పెళ్లికొడుకు అలాగే ఆగిపోయేవాడు, కింద జనం బెంచీలు విరగ్గొట్టేవారు. అందుకని ఊరి ముందున్న కాలవ లాకుల మలుపు తిరగ్గానే భాస్కరం రెండుసార్లు హారన్ కొట్టేవాడు. రీలు వచ్చేసిందని దానర్థం. హాల్లో ఈలలు ఆగేవి, ఆపరేటరు బీడీ పారేసి లేచేవాడు. ఊరంతా నా కోసమే చెవులు రిక్కించుకుని ఉందని నేను పొంగిపోయేదాన్ని. ఆ పరుగు మరిగిన ఒళ్లు ఇది, నీడపట్టున ఎలా కుదురుగా ఉంటుంది చెప్పండి!

తర్వాత ప్రింట్లు పోయాయి, సినిమాలు శాటిలైటు మీదుగా గాల్లోంచి దిగడం మొదలైంది. హాలు కల్యాణమండపమైంది. భాస్కరం మోకాలు అరిగింది. ఒకనాడు నా కిక్కు ఆయన్ని ఎదురు తన్నింది కూడా. నేను కావాలని చేసింది కాదు, మా జాతి స్వభావమే అంత. మోకాలికి ఆపరేషనైంది. ఆ తర్వాత ఆయన కరెంటు స్కూటరుకు మారాడు. అది వచ్చినా తెలీదు, పోయినా తెలీదు. ఒకసారి వంటింట్లో ఉన్న భార్య సత్యవేణి వెనక్కి తిరిగి, అక్కడే నిలబడ్డ మొగుణ్ణి చూసి జడుసుకుంది.

నన్ను అమ్మేయమని పట్టుబట్టింది ఆవిడే. ఎప్పుడో ఒకప్పుడు ఈయన మళ్లీ కిక్కు కొట్టబోతాడని, ఈసారి ఆ మోకాలు అతకదని ఆవిడ భయం. భాస్కరం సరేనన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మెకానిక్కు వచ్చి బాగుచేస్తే మొదటి కిక్కుకే పలికాను.

ఇక చూడండి ఆయనగారి వేషాలు. కొనేవాళ్లు వస్తున్నారని ఫోను రాగానే, తుడుస్తానంటూ షెడ్డులోకి వచ్చేవాడు. ట్యాంకు కిందున్న పెట్రోల్ ట్యాపు మూసేవాడు. కార్బురేటర్‌లో మిగిలిన చుక్కల్ని కూడా గుడ్డలోకి వంపేసేవాడు. వచ్చినవాళ్లు చెమటలు కక్కుతూ కిక్కు కొట్టేవారు. గొంతు ఎండినవాడు పాటేం పాడతాడు? పాతదైపోయిందండీ, దానికి బుద్ధి పుడితేనే పలుకుద్దని భాస్కరం జాలిగా చెప్పేవాడు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే నా ట్యాంకు నిమిరేవాడు. నాకే చేతులుంటేనా! సత్యవేణి మాత్రం ఇంట్లో గుడ్డలన్నీ పెట్రోలు కంపు ఎందుకు కొడుతున్నాయో తెలీక గొణుక్కునేది.

పోయిన ఆదివారం నన్ను కొందామని ఎస్తేరు వచ్చింది. రొయ్యల చెరువుల నీళ్లు సీసాల్లో పట్టి ల్యాబుకు చేర్చడం ఆమె పని. వాళ్ల నాన్న బుల్లెట్ మీదే బండి నేర్చుకుందట. గేరు కుడిపక్క, బ్రేకు ఎడంపక్క అని ఎవరూ చెప్పకుండానే కాళ్లు సర్దుకుంది. హెడ్‌లైటు పైనున్న చిన్న కరెంటు మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా నొక్కి, అప్పుడు ఒంటి బరువంతా వేసి కొట్టింది. అచ్చం భాస్కరం కొట్టినట్టే. ఆయన ముఖంలో సంతోషమూ భయమూ ఒకేసారి కనిపించాయి.

ఎంత కొట్టినా నేను పలకలేదు. ఆమె దిగి, నా ఇంజను మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అంది.

"ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. ఇది అయిపోయిందండి. పాత సామాన్లోళ్లని పిలిస్తే ముక్కలు చేసి పట్టుకెళ్తారు."

ఎగతాళిగా అన్నా బాగుండేది. చావు కబురు చెప్పినట్టు చెప్పింది. హ్యాండిలొక కొట్లో, చక్రమొక కొట్లో... రోడ్డెక్కే మాట దేవుడెరుగు, బండినని చెప్పుకోవడానికే ఉండను. భాస్కరం ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఈమె వెళ్లిపోతుంది, నేను దుప్పటి కిందే ఉండిపోతాను. ఆయనకు కావలసింది అదే కదా!

ఆయన గోడ పట్టుకున్నాడు. మడవగూడని మోకాలు మడిచి, కిందికి వంగాడు. అందరి ముందూ ట్యాపు తిప్పాడు.

సత్యవేణి మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదా గుడ్డల సంగతి," అంది.

ఆయన తలెత్తలేదు. "ఇప్పుడు కొట్టమ్మా," అన్నాడు ఎస్తేరుతో. "నన్నేమైనా అను. దాన్ని మాత్రం అయిపోయిందనకు."

ఒక్క కిక్కు. షెడ్డు రేకులు అదిరాయి, పక్కింటి కోళ్లు దడి దూకాయి. ఎస్తేరు పెద్దగా నవ్వింది. ఆ తర్వాత బేరం ఎంతోసేపు పట్టలేదు.

బయల్దేరేటప్పుడు భాస్కరం నా ట్యాంకు నిమరలేదు. చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "లాకుల మలుపులో రెండుసార్లు హారన్ కొట్టు తల్లీ, నాకు వినపడేలా," అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

నిజం చెబుతున్నాను, ఊరు దాటేదాకా నాకు ఆయన గుర్తుకే రాలేదు. కాలవగాలి తగిలింది, దుమ్ము తగిలింది, నాకింకేం కావాలి! లాకుల దగ్గర మలుపు తిరిగాం. ఎస్తేరు బొటనవేలు హారన్ మీద పడింది, రెండుసార్లు.

ఈలలు ఆపే జనం లేరు, బీడీ పారేసి లేచే ఆపరేటరూ లేడు. ఖాళీ షెడ్డు ముందు వింటున్నది ఒక్కడే. రీలు అందిందని ఆయనకు తెలిసే ఉంటుంది.