మూడో రోజు రక్తం

జ్వరం లేదు కదా, ఇంటికి తీసుకుపోండి అన్నది మీరే, కోదాడ దవాఖానలో ఏసీ గదిలో కూర్చున్న దొరల్లారా, మా మరిది సత్తయ్యను చంపింది మీ ఆ ఒక్క మాటే, అని పద్మమ్మ లోలోపల తిడుతూనే ఉంది, చేతిలో మాత్రం నర్సు నాగరాణి ఇప్పుడే ఇచ్చిన రక్తపరీక్ష కాగితం ఉంది, సీఆర్పీ, అదే లోపలి చీమువాపు చెప్పే లెక్క, తొంభైకి దిగిందమ్మా, ఇగ పరేషాన్ గాకు అంటోంది ఆ పిల్ల, మూడు రోజుల కింద రెండువందల పది ఉన్నది ఇవాళ తొంభై, సూర్యాపేట దవాఖాన కిటికీలోంచి ఎండ మొగుడు జానయ్య కాళ్ల మీద పడుతోంది, పేగు కోసి కుట్టిన మనిషి, నవ్వుతున్నాడు, ఆపరేషన్ అయిన మూడో రోజూ ఇలాగే నవ్వాడు, జ్వరం లేదు, నొప్పి లేదు, అందుకే నాగరాణి సూది పట్టుకొస్తే తనే అడ్డం నిలబడింది, ఎన్నిసార్లు పిండుతరు బిడ్డా, మా ఆయనేమన్న పాడిబర్రెనా, పో, అని, ఆ పిల్ల కదల్లేదు, లోపల కుట్టు వదిలితే జ్వరం కన్న ముందు రక్తమే చెప్తదమ్మా అంది, తను వింటేనా, గొర్లు కాసే మొగుడే చెయ్యి చాపాడు, గొర్రె కిందపడ్డంక రోగమని ఎవడన్న చెప్తడు పద్మా, నెమరు ఆపిన్నాడే పసిగట్టాలె, గీళ్లు నా నెమరు సూస్తున్నరు, జర తప్పుకో.

ఆ సాయంత్రమే రెండువందల పది, వెంటనే స్కానింగ్, కుట్టు దగ్గర కొద్దిగా కారుతోందన్నారు, గొట్టం వేసి చీము తీశారు, మందు ఎక్కించారు, ఇంకో పూట ఆగి ఉంటే, అని డాక్టరు ఆగిపోయాడు, మిగతాది పద్మమ్మకు తెలుసు, సత్తయ్యదీ ఇదే ఆపరేషన్, కోదాడ నుంచి సొంతూరు త్రిపురారం చేరిన రెండో రోజే కడుపు ఉబ్బింది, మిర్యాలగూడకు తీసుకుపోతుంటే ఆటోలోనే ఖతం.

అదృష్టవంతురాలివి అక్కా అంటోంది పక్కమంచం పుష్పమ్మ, ఏం అదృష్టం, సూదికి అడ్డం నిలబడ్డది నేనే కాదా, జ్వరం లేదు మంచిగనే ఉన్నడు అన్న కోదాడ మాట నా నోట్లోంచే వచ్చింది కాదా, ఆయన చెయ్యి చాపాడు కాబట్టి బతికాడు, చాపని వాళ్ల సంగతేంది, చెయ్యి చాపమని ఎవరూ అడగనే అడగని సత్తయ్య లాంటి వాళ్ల సంగతేంది, పద్మమ్మ కాగితాన్ని కొంగున ముడేసింది, ఆయన ఇల్లు చేరిన మర్నాడే కోదాడ పోతా, ఆ దొరల బల్ల మీద ఇది పరుస్తా, పేగు కోసిన ప్రతి మనిషికీ మూడో రోజు రక్తం చూడండి, ఎంతుందో, ఎందుకుందో మాకు మా మాటల్లో చెప్పండి, చూడకుండా ఒక్కణ్ని కూడా ఇంటికి తోలొద్దు, రేపట్నుంచి కాదు, ఇయ్యాల్టి నుంచే.