మూడు గంటల సైరన్

గ్రేస్ నోరు మంచిదని ఆ కాలనీలో ఎవరూ అనరు. మంచిర్యాల పక్కన బొగ్గు గనుల క్వార్టర్స్‌లో, రెండు గదుల ఇంట్లో కూర్చుని, ఆ పిల్ల కంప్యూటర్‌లో లారీ నడిపే ఆట ఆడుతుంది. అడ్డమొచ్చిన కార్లవాళ్ళని ఇంటి భాషలో దులిపేస్తుంది. ఆ తిట్లు వినడానికే నలభై వేల మంది ఆమె ఛానెల్‌లో చేరారు. నాలుగేళ్ళ కష్టం మరి. డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉన్న పిల్లకి, ఏం చేస్తున్నావని అడిగినవాళ్ళ ముందు తలెత్తి చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

అలాంటి ఛానెల్ మీద ఒక సోమవారం పొద్దున్నే మూడు కాపీరైట్ క్లెయిములు వచ్చి పడ్డాయి. మూడు వీడియోల్లో నలభయ్యేసి సెకన్లు తమ పాట వాడుకుందని, హైదరాబాదులోని ఒక పాటల కంపెనీ అంటోంది. గ్రేస్‌కి ఒళ్ళు మండింది. పాటేమిటి, దాని మొహం! ఎక్కడ పీకల మీదికొస్తుందోనని ఆటలో వచ్చే సంగీతాన్ని కూడా ఆమె మొదటి రోజే ఆపేసింది. ఆ నలభై సెకన్లూ పెట్టి విన్నది. లారీ ఇంజను, తన గొంతు, అంతే. తల్లిని, అదే అవ్వని, పిలిచి వినిపించింది. అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే విని, నీ తిట్లు తప్ప ఇందులో ఏమీ లేవని తేల్చేసింది. గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చిన బాపు, అంటే తండ్రి ఏలియా, ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని మరీ విన్నాడు. గనిలో పైకప్పు కాస్త చిటపటమంటే చాలు, అందరికన్నా ముందు పసిగట్టే చెవులు ఆయనవి. ఆయనకీ ఏ పాటా దొరకలేదు.

ఇక్కడ ఇంజను, నా గొంతు తప్ప ఇంకే చప్పుడూ లేదని రాసి, గ్రేస్ అభ్యంతరం పంపింది. పంపి, గెలిచేసినట్టే తిరిగింది. పది రోజులకి జవాబొచ్చింది. విన్నాం, ఉంది, మాదే. మూడు వీడియోలకీ అదే ముక్క.

ఇక మిగిలింది అప్పీలు. దాంతో ఆటలాడటానికి లేదు. అప్పీలుని కూడా కంపెనీ కాదంటే వీడియోకొక స్ట్రైకు పడొచ్చు, మూడు పడ్డాయంటే ఛానెలే గల్లంతు. నోరు మూసుకుంటే మాత్రం ఆ మూడు వీడియోలూ కంపెనీ పేరున పోతాయి, ఛానెల్ బతుకుతుంది. ఏలియా మెత్తటి మనిషి. పెద్దోళ్ళతో కయ్యం మనకెందుకు, ఆ మూడూ వాళ్ళ మొహాన కొట్టేయమన్నాడు. గ్రేస్ మూతి ముడుచుకుంది. చేయని దొంగతనం ఒప్పుకోవడమన్నది ఆమెకి మింగుడు పడలేదు. కానీ ఏమని కొట్లాడాలి? అక్కడ ఏముందో తనకే తెలియదాయె.

ఆ వారంలోనే ధర్మపురి అవతలి పల్లె నుంచి ఏలియా అక్క సత్తవ్వ, కళ్ళ డాక్టరుకి చూపించుకుందామని వచ్చింది. మర్నాడు సాయంత్రం ఆమె మంచం మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, గ్రేస్ ఆ ముక్కని వందోసారి పెట్టింది.

"గా ఏడుపేందే?" అంది సత్తవ్వ.

ఏడుపు కాదత్తా, లారీ ఇంజను అని చెప్పింది గ్రేస్.

"ఇంజను నాకు తెల్వదా? దాని ఎన్క ఇంకోటి మొత్తుకుంటున్నది, ఇను. నిన్న నేను బస్సు దిగొచ్చి తింటుంటే కూడ గిట్లనే మొత్తుకున్నది. ముద్ద గొంతుల ఇరికింది."

గ్రేస్, అవ్వ, ఏలియా మొహమొహాలు చూసుకున్నారు. నిన్న ఎవరు మొత్తుకున్నారు? ముందు తేరుకున్నది ఏలియా. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు.

"సైరన్ బిడ్డా," అన్నాడు. "మన మూడు గంటల సైరన్."

గని సైరన్ రోజుకు మూడుసార్లు, షిఫ్టు మారినప్పుడల్లా కూస్తుంది. ఆ కూతకే కాలనీ అంతా లేస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, టిఫిన్ డబ్బా సర్దుతుంది. కానీ ఇప్పుడు కూసిందా అని అడగండి, తెల్లమొహం వేస్తారు. అక్కడ పుట్టి పెరిగిన చెవులకి అది చప్పుడు కిందే లెక్క కాదు. ఊరు కాని ఊరి నుంచి వచ్చిన సత్తవ్వకి తప్ప ఇంకెవరికి వినబడుతుంది!

గ్రేస్ కూర్చున్నచోటే ఆ కంపెనీ పాట వెతికి పెట్టింది. మొదలవడమే సైరన్‌తో మొదలైంది, మధ్యలో ఒకసారి గొంతు పూడుకుని మళ్ళీ లేచే తమ గని సైరన్. నిరుడు ఇద్దరు మనుషులు మైకు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారని ఏలియాకి అప్పుడు గుర్తొచ్చింది. పాపం ఎండన పడి వచ్చారని వాళ్ళకి తానే చాయ్ కూడా తాగించాడు. అది చెప్పుకోవడానికి ఆయనకి సిగ్గేసింది.

గ్రేస్ పాత ఫైళ్ళు తీసింది. ఒక వీడియో రెండూ నలభైకి మొదలైంది, క్లెయిము ఇరవయ్యో నిమిషం మీద. ఇంకోటి రెండూ నలభై ఏడుకి, క్లెయిము పదమూడో నిమిషం మీద. మూడోది రెండూ ముప్పై అయిదుకి, ఇరవై అయిదో నిమిషం మీద. మూడూ వచ్చి సరిగ్గా మూడు గంటల దగ్గర ఆగుతున్నాయి. ఆమె కాగితం మీద రాసి బాపుకి చూపించి ఎగిరి గంతేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను పట్టుకుని గని గేటు ముందు నిలబడి లైవ్ పెట్టింది. ఆట లేదు, పాట లేదు. రెండో షిఫ్టు వాళ్ళు ఆగి వింతగా చూస్తున్నారు.

"గిప్పుడు మూడైతది," అంది గ్రేస్. "పాటల కంపెనీ పాట మా గని పాడుతది, ఇనుండ్రి."

గని పాడింది. నలభై సెకన్లూ పాడింది. లైవ్ ఆపి ఇంటికొచ్చేసరికి, ఆ వీడియో మీద కూడా క్లెయిము కూర్చుని ఉంది. ఇనుప గేటుని, షిఫ్టు మనుషుల్ని, గాలిలో కూతని చూసి కూడా, పాటల్ని పోల్చి పట్టే సైటులోని యంత్రం అదే కంపెనీ పేరు రాసింది. గ్రేస్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంతకన్నా సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది! అన్నీ జోడించి మూడు అప్పీళ్ళూ, కొత్తదాని మీద అభ్యంతరమూ ఒక్కటొక్కటే పంపింది. నవ్విందే గానీ, పంపే ముందు ప్రతి ముక్కా రెండుసార్లు చదువుకుంది.

మూడో రోజు కంపెనీ నుంచి ఫోను. ఆయనెవరో చాలా మర్యాదగా మాట్లాడాడు. పాత మూడు వీడియోలూ వదిలేస్తారట, ఆ లైవ్ మాత్రం ఆమె తీసేయాలట, నలుగురిలో బాగుండదట. పక్కనే ఉన్న ఏలియా ఒప్పుకొమ్మని చేతులతో సైగ చేశాడు. నాలుగేళ్ళ ఛానెల్ ఆ ఒక్క మాటతో ఒడ్డున పడుతుంది. గ్రేస్ బాపు వంక చూసింది. ఆ రోజు షిఫ్టు దిగిన బొగ్గు ఇంకా ఆయన కనురెప్పల మీదే ఉంది.

"లైవ్ తియ్య సర్," అంది. "నా మూడు వీడియోలు ఇడిసిపెడితే సాలదు. రేపు మా కాలనీల ఎవలన్న పెండ్లి వీడియో పెట్టినా మీ పేరే పడతది. మా బాపు ముప్పయ్యేండ్ల సంది గా కూతకు లేసి భూమిల దిగిండు. మీరు ఒక్కపూట వచ్చి మైకుల పట్టుకపోయిండ్రు. గా సైరన్ మీదికెల్లి మీ పేరు తియ్యుండ్రి. తియ్యకుంటే స్ట్రైకులే ఎయ్యుండ్రి."

ఆమె ఫోను పెట్టేసింది. పోయిందే, అంతా పోయిందే అని ఏలియా గోడకి ఆనుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఆరో రోజు పొద్దున కంపెనీ ఉత్తరం వచ్చింది. నాలుగు క్లెయిములూ వెనక్కి తీసుకున్నాం, ఆ సైరన్ శబ్దం మీద ఇక ఎవరి వీడియోలోనూ మాకు హక్కు లేదని సైటుకి రాసి ఇచ్చాం, పొరపాటు మాది. గ్రేస్ గట్టిగా అరిచి, కుర్చీ తన్నేసి లేచింది. ఏలియా ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"నేనైతే ఇచ్చేస్తుంటి బిడ్డా," అన్నాడు. "నువ్వు ఇయ్యలే."

గ్రేస్ తలుపు బార్లా తీసి వాకిట్లో నిలబడి, ఆ ఉత్తరాన్ని మూడోసారి చదివింది, ఈసారి అటు పది క్వార్టర్లకీ ఇటు పది క్వార్టర్లకీ వినబడేలా.