డ్రమ్ముల నౌకాదళం

భానూర్ దగ్గర మా కాలనీలో ఇద్దరు సేనాధిపతులున్నారు. శివశంకర్‌ది అమెరికా పక్షం, నవీన్‌కుమార్‌ది చైనా పక్షం. ఇద్దరూ ఒకే మందుల కంపెనీలో అట్టపెట్టెలకు టేపు అంటిస్తారు. ఇంట్లో బల్బు మార్చమంటే నడుం నొప్పి. ప్రపంచాన్ని మాత్రం రోజూ గెలిచి వస్తుంటారు.

ఆ ఆదివారం శివశంకర్ భార్య ధనలక్ష్మి పోచమ్మకు బోనం ఎత్తాలి. కొడుకు డెంగీ నుంచి బతికితే ఎత్తుతానని మొక్కుకుంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మా బోరు నీళ్లకు కంపెనీ మందుల కంపు. వాటితో అమ్మవారికి వండడానికి ఆమెకు మనసొప్పలేదు. ట్యాంకర్ వస్తేనే బోనం. మా దగ్గర డ్రమ్మే మనిషి లెక్క. ట్యాంకర్ వరుసలో అది ఉంటే చోటు ఉన్నట్టు, పక్కకు తీస్తే పోయినట్టు.

"జెర డ్రమ్ము కాడ ఉండు, కుండకు సున్నం పూసుకొస్త" అని మొగుడికి చెప్పి ఆమె లోపలికి వెళ్లింది.

ఇంకేముంది, యుద్ధం మొదలైంది.

"అమెరికా మిలిట్రీ ఖర్చు సూడు. ఎనకున్న ఏడెనిమిది దేశాలు కలిపినా దాన్ని అందుకుంటయా?"

"చైనా ఏటేటా పెంచుకుంట పోతుంది శివన్నా. ఓడల లెక్కల ఎప్పుడో దాటింది."

"అవి ఓడలా, పడవలా? ఇమానాలు మోసే ఓడలు మాకు పదకొండు. మీకు మూడు!"

మాకట, మీకట! ఇద్దరిలో ఒక్కడూ సముద్రం మొహం చూసినవాడు కాదు.

మాటలు చాలక శివశంకర్ తన నీలం డ్రమ్మును వరుసలోంచి లాగి సందు నడుమ పెట్టాడు. "ఇది మా ఓడ." నవీన్‌కుమార్ ఊరుకుంటాడా, తన డ్రమ్మునూ లాక్కొచ్చి ఎదురుగా నిలబెట్టాడు. మధ్యనున్న మురికి గుంట సముద్రమైంది. వెనకవాళ్లు తమ డ్రమ్ములు ముందుకు జరుపుకున్నారు.

"ఓ శివా, నీ జాగ పోయింది రా" అని ముసలి బక్కమ్మ అరిచింది. రణరంగంలో ఉన్నవాడికి ముసలమ్మ మాట లెక్కా?

ట్యాంకర్ వచ్చింది. వరుసంతా నిండింది. "నీళ్లు ఖతమైనయ్ భాయ్" అంటూ డ్రైవర్ ఉబేద్ పైపు చుట్టేశాడు.

పసుపు బొట్లు పెట్టిన కుండతో వచ్చిన ధనలక్ష్మి, సందు నడుమ ఖాళీ డ్రమ్మును చూసింది.

"ఏంది ఇది?"

"అది కాదే, నవీన్‌కు జెర చెప్తుంటి..."

"నీ కొడుకు పానం మొక్కు గది!" అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పక్కింటి ఫకృన్నీసా తన డ్రమ్ములోంచి బిందె ముంచి తెచ్చింది. "ఏడ్వకు అక్కా, జల్దీ వండుకో."

బోనం వెళ్లింది, తిరిగొచ్చింది. వీరులిద్దరూ అరుగెక్కి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తప్పు ముందు కదిలిన అమెరికాదా, ఎదురొచ్చిన చైనాదా అన్నది తేలలేదట.

"బోనం బువ్వ ఏది?" అన్నాడు శివశంకర్, సిగ్గు లేకుండా.

"కొడుకుకు పెట్టిన, బక్కమ్మకు పెట్టిన." ధనలక్ష్మి రెండు గ్లాసుల బోరు నీళ్లు వాళ్ల ముందు పెట్టింది. "ఇగో, మీ సముద్రం. మల్ల ట్యాంకరొచ్చేదాక ఇవే తాగుండ్రి."