ఎల్లేష్ మోకాలి పసుపు

ఫైనల్‌కు గంట ముందు మా ఆటగాడు ఎల్లేష్ తెల్ల సాక్సు మీద పసుపు మరక మా కోచ్ హెంక్ కంట పడింది. హెంక్ ఒకప్పుడు హాలెండులో పేరున్న ఆటగాడు. ఈ ఏడాది కిషన్‌బాగ్‌లోని మా ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్‌గా వచ్చాడు. ఆయన కింద నేను సహాయకుణ్ణి. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో రిటైరయ్యాక, మా ఆవిడ లీలమ్మ పోరు పడలేక ఈ పనిలో చేరాను.

"ఏమిటిది సీమోనూ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

పైదాకా లాగిన ఆ సాక్సు కింద వాచిన మోకాలుంది. ముందురోజు ప్రాక్టీసులో మెలిపడింది. ఎల్లేష్ బస్తీలో పసుపు పట్టు వేయించుకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"సీమోనన్నా, సారుకు చెప్పకు. పదేండ్ల సంది ఈ కప్పు కోసమే ఆడుతున్న. పట్టు వేసిన, ఏం ఫికర్ లేదు."

కప్పు నాకూ కావాలి. మా క్లబ్బు బీరువాలో బూజు తప్ప ఏమీ లేదు. అందుకే ఇప్పుడు తడుముకోకుండా చెప్పేశాను. "వాళ్ళ చెల్లి పెళ్ళి సార్. మాలో ఇంటిల్లిపాదీ పసుపు పూసుకుంటారు."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యాలన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధంతో లేని పెళ్ళి చేసేశాను.

హెంక్ మురిసిపోయాడు. ఎల్లేష్‌కు చెయ్యి కూడా కలిపాడు. తర్వాత చాయ్ కప్పుతో నా పక్కన కూర్చుని, ప్యాంటు పైకి మడిచి మోకాలి మీది పొడుగాటి కుట్లు చూపించాడు.

"ఆట వదిలి ఇంత తొందరగా కోచ్ ఎందుకయ్యావని మొన్న అడిగావుగా? ఇదిగో. నాకు ఇరవై ఆరేళ్ళు. ఫైనల్. మోకాలు బాగాలేదని కోచ్‌కు తెలియదు, సహాయకుడికి తెలుసు. బానే ఉన్నాడని చెప్పాడు. పాపం, నా మీద ప్రేమతోనే. కప్పు గెలిచాం. నేను మళ్ళీ ఆడలేదు."

ఊరి సంగతి చెప్పినట్టు తాపీగా చెప్పాడు. నాకు ఆ సహాయకుడి మీద కోపమొచ్చింది, మరుక్షణం సిగ్గేసింది.

"పెళ్ళి లేదు సార్," అన్నాను.

ఎల్లేష్‌ను హెంక్ బెంచీ మీద కూర్చోబెట్టాడు. మేం ఒక్క గోలుతో ఓడిపోయాం. హెంక్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ లోటు ఎల్లేష్ తీర్చాడు. తిట్టాల్సినవన్నీ తిట్టి, మాట్లాడటం మానేశాడు. సీజన్ ముగిసి హెంక్ వెళ్ళిపోయాడు. వీడుకోలుకు కూడా ఎల్లేష్ నా పక్కన నిలబడలేదు. బాధగానే ఉండేది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం వాడు జల్‌పల్లిలో మా ఇంటికొచ్చాడు. మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. గుమ్మంలోనే ఆగి రొప్పుతున్నాడు.

"నీ మీద కోపం ఇంకా పోలే అన్నా."

"ఉండనీ బేటా. మెట్లు ఎట్ల ఎక్కినవ్?"

వాడు మోకాలి వంక చూసుకున్నాడు.

"ఉరుక్కుంటనే వచ్చిన."