పడని రాజు

శనివారం మధ్యాహ్నపు ఆటకు చరిత్ర మాస్టారు వచ్చే తీరు ఏళ్ళ తరబడి మారలేదు. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, టిక్కెట్ల కిటికీ ముందు నిలబడి "ఒకటండీ" అనేవారు. లోపలున్న ఆవిడ నడిమి వరసలో చివరి కుర్చీ టిక్కెట్టు అప్పటికే చించి ఉంచేది.

"ఇవాళ ఎన్ని తప్పులు పడతారు మాస్టారూ?"

"దొరికినన్ని."

అంతకుమించి వాళ్ళ మధ్య మాట పెరిగేది కాదు.

అది పాత సినిమాలు మాత్రమే వేసే హాలు. అక్కడ తెర మీది మనుషులకు వయసు వచ్చేది. చూసేవాళ్ళతో పాటే వాళ్ళూ ముదిరేవాళ్ళు. ఒకప్పుడు మెట్లు రెండేసి చొప్పున దాటిన కథానాయకుడు ఇప్పుడు కమ్మీ పట్టుకుని ఎక్కేవాడు. నాయికకు పాపిట దగ్గర మొదలైన నెరుపు జడ చివరి దాకా పాకింది. ప్రతినాయకుడికి పళ్ళు ఊడటంతో బెదిరింపులు కాస్త తేలిపోయాయి. ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. "పాపం, మోకాళ్ళు" అని నిట్టూర్చి, తమ మోకాళ్ళు తడుముకునేవారు.

మాస్టారు బడిలో పాఠం చెప్పినంత కాలం ఆధారం చూపనిదే ఏ మాటా ఒప్పుకోలేదు. ఉద్యోగ విరమణ తరవాత ఆ చూపు సినిమాల మీద పడింది. వాటిలో ఆడే ఆటలంటే ఆయనకు మరీ ఒళ్ళుమంట. పాచికలు కథకు ఎంత కావాలో అంతే పడతాయి. చదరంగం బల్లను అడ్డంగా తిప్పి పెడతారు. కుడిచేతి మూల ఉండాల్సిన తెల్లగడి ఎడమకు పోతుంది. రాజూ మంత్రీ ఒకరి ఇంట్లో ఒకరు కాపురం పెడతారు. మూడెత్తుల్లో ఆట ముగుస్తుంది. పైగా పక్కన నిలబడ్డ మేనమామ చెవిలో ఎత్తు చెబుతాడు. "నిజం బల్ల దగ్గర పక్కవాడు నోరు విప్పితే మెడపట్టి గెంటుతారు" అని మాస్టారు విరామంలో అందరికీ వినిపించేటట్టు అనేవారు.

ఒక్క సినిమాకు మాత్రం ఆయన వంక పెట్టలేదు. అందులో బల్ల సరిగ్గా పరిచారు. ప్రతి పావూ తన గడిలోనే ఉంది. ప్రతినాయకుడు గుర్రంతో రాజును ఇరికించి "ఆట కట్టు" అంటాడు. కథానాయకుడు చూపుడువేలితో తన రాజును పడగొట్టి, ప్రేమించిన పిల్లనూ ఊరినీ విడిచి వెళ్ళిపోతాడు.

ఆ హాలు ఆపరేటరు మాస్టారికి చిన్ననాటి స్నేహితుడు. పడుచుతనంలో ఇద్దరి మనసూ టిక్కెట్ల కిటికీలోని ఆవిడ దగ్గరే ఆగింది. ఎవరు అడగాలో తేలక, హాలు వరండాలో చదరంగం వేసుకున్నారు. ఓడినవాడు ఇక జన్మలో ఆ ఊసెత్తకూడదని షరతు. ఆపరేటరు గుర్రాన్ని దించగానే మాస్టారు బల్ల మీది ఆ అమరికను గుర్తుపట్టారు. అది సినిమాలోని ఆటే. మరో చూపు చూడకుండా, చూపుడువేలితో రాజును పడగొట్టి లేచిపోయారు.

మర్నాడు ఆపరేటరు అడిగాడు. "నాకిష్టం లేదండీ" అని ఆవిడ టిక్కెట్టు చించినంత తేలిగ్గా చెప్పింది. అతను కొన్నాళ్ళు దిగులుపడి, వేరే పెళ్ళి చేసుకుని, కాలక్రమాన తాతయ్యాడు. మాస్టారు మాటకు కట్టుబడి ఒంటరిగా ఉండిపోయారు. ఆ సినిమా వేసినప్పుడల్లా ఆ ఘట్టంలో కళ్ళు మూసుకునేవారు. చెక్క మీద రాజు పడిన టక్కుమనే చప్పుడు వినిపించాకే తెరిచేవారు.

ఈ శనివారం మళ్ళీ అదే సినిమా. కిటికీ వెనక ఆవిడ పక్కన ఒక పెట్టె ఉంది.

"సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతోందిరా," అన్నాడు ఆపరేటరు మెట్ల దగ్గర. "ఇక అక్క కూతురి దగ్గరేనట."

"తెలుసు."

"తెలిసే ఇలా గొడుగు పట్టుకుని నిలబడ్డావా?"

"ఓడినవాణ్ణి. షరతు నువ్వే పెట్టావు."

"షరతు పెట్టినవాడికి అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదురా. పోనీ, ఇప్పుడు రద్దు చేస్తున్నా."

"జరిగిన ఓటమి రద్దు కాదు."

"నీతో వాదించేకంటే రీలుతో వాదించడం నయం," అని గొణుక్కుంటూ ఆపరేటరు పైకెక్కాడు.

ఆట ఘట్టం వచ్చింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. "ఆట కట్టు" అన్నాడు ప్రతినాయకుడు, పళ్ళు లేని నోటితో. టక్కుమనే చప్పుడు కోసం మాస్టారు చెవులు రిక్కించారు. అది రాలేదు.

కళ్ళు తెరిచారు. తెర మీద కథానాయకుడు కోటు జేబులోంచి కళ్ళజోడు తీసి, అంచుతో తుడిచి, పెట్టుకుని బల్ల మీదికి వంగాడు.

"ఉండండి," అన్నాడు. "ఇక్కడో బంటు ఉంది."

ఆ బంటుతో ఐమూలగా గుర్రాన్ని కొట్టేశాడు.

అది ఎప్పుడూ అక్కడే ఉంది. ఆ క్షణంలో అందరూ కథానాయకుడి మొహం చూస్తారు. బంటు మొహం ఎవరు చూస్తారు? వరండాలో తన బల్ల మీద కూడా సరిగ్గా ఆ గడిలోనే బంటు నిలబడి ఉండటం మాస్టారికి గుర్తొచ్చింది. లోకంలోని సినిమాలన్నిటినీ శంకించిన మనిషి, బల్ల సరిగ్గా పరిచారన్న ఒకే ఒక్క కారణానికి, ఆట కూడా సరిగ్గానే ముగిసిందని నమ్మేశాడు.

తెర మీద ఆట సాగింది. సినిమాలో చదరంగం చదరంగంలా నడవడం మాస్టారు మొదటిసారి చూశారు. ఒకడు గడ్డం గోక్కున్నాడు. ఇంకొకడు వేసిన ఎత్తు వెనక్కి తీసుకోబోయి తిట్లు తిన్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. "ఇవాళ ఇంటికెళ్ళేసరికి పొద్దుపోయేట్టుంది" అని వెనక వరసలో ఎవరో కాళ్ళు బారజాపుకున్నారు.

జనం బయటికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆట ముగిసేదాకా కిటికీ మూయకూడదన్నది హాలు నియమం. ఆవిడ ఇంకా లోపలే ఉంది.

"మీ చదరంగం పుణ్యమా అని నా బస్సు వెళ్ళిపోయింది మాస్టారూ."

మాస్టారు కిటికీ చువ్వ పట్టుకున్నారు. "నేను ఓడిపోలేదండీ. బంటు ఉంది."

ఏ ఆటలో అని ఆవిడ అడగలేదు. "ఇప్పుడు తెలిసిందా?"

"మీకు... ముందే తెలుసా?"

"బల్ల ఈ కిటికీ ఎదురుగానే వేసుకున్నారుగా ఇద్దరూ. ఇక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి."

"మరి ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"పక్కవాళ్ళు ఎత్తు చెప్పకూడదు కదండీ. చెబితే మెడపట్టి గెంటుతారని మీరేగా అంటారు."

 మాస్టారు పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా గొంతు సవరించుకుని, "వెళ్ళకండి," అన్నారు. "నాతో ఉండిపోండి."

"ఒరేయ్, నేను తాళం వేసుకోవాలి," అని పైనుంచి ఆపరేటరు కేక వినిపించింది.

"నువ్వుండవయ్యా," అంది ఆవిడ పైకి చూడకుండానే. మాస్టారి వైపు తిరిగింది. "ఆలోచించుకోనివ్వండి. ఇది సినిమా కాదు."

పెట్టెను కాలితో బల్ల కిందికి నెట్టి, పక్క తలుపు తీసి, ఒక స్టూలు బయట వేసింది. మాస్టారు గొడుగు గోడకు ఆనించి కూర్చున్నారు. తొందర పెట్టలేదు. ఎత్తు ఆవిడది.