మూత మీద ఇందుమతి

నేను ఒక స్టీలు డబ్బాను. పక్కన కొక్కెం, లోపల చిన్న కూరగిన్నె, అంతే నా ఒళ్లు. చల్లని రేకును అచ్చుయంత్రం ఒక్క గుద్దు గుద్దితే నాకీ ఆకారం వచ్చింది. తరువాత తిన్న దెబ్బలతో పోలిస్తే అది దెబ్బే కాదు.

పాలకొల్లులో మంగతాయారు గారు నన్ను కొన్నారు. కూతురు ఇందుమతికి టీచరు ఉద్యోగం వచ్చిన వారమది. ఆ కొట్లోనే మూత మీద చుక్కలు చుక్కలుగా 'ఇందుమతి' అని కొట్టించారు. మా వైపు పేరు లేకుండా స్టీలు సామాను గడప దాటదు. మనుషులు పోతారు, గిన్నెలు మిగులుతాయని వాళ్లకు ముందే తెలుసు కాబోలు.

ఇందుమతి డెంగ్యూ జ్వరంతో పోయింది. అప్పటికి కూతురు తన్మయికి మూడేళ్లు. అల్లుడు గోవర్ధనం ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తూ, "నాలుగు రోజులు మీ దగ్గరుంచండి అత్తయ్యగారూ" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఆరేళ్లయ్యాయి. నేను తన్మయి బడిసంచిలోకి మారాను.

మంగతాయారు గారు మనవరాలికి అన్నీ నేర్పారు. అన్నిటికంటే గట్టిగా నేర్పింది ఒకటుంది. ఎవరింట్లోనైనా ఏం కావాలని అడిగితే ఫలానాది అనకూడదు, 'మీ ఇష్టమండి' అనాలి. రెండోసారి అడిగినా అంతే. "తల్లి లేకపోయినా ఎంత మర్యాదండీ ఈ పిల్లకి!" అని వీధి వీధంతా మెచ్చుకునేది. ఆ మాటకు ఆవిడ మొహం, నన్ను తోమిన రోజు నాకంటే ఎక్కువ మెరిసేది.

గోవర్ధనం మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. బిడ్డను తీసుకెళ్తానని వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఆలస్యంగా గుర్తొచ్చిన తండ్రి. మంగతాయారు గారు మాత్రం మైనరు పిల్లకు తననే గార్డియనుగా ఉంచమని కోర్టుకు వెళ్లారు.

"తండ్రుండగా అమ్మమ్మకివ్వడం కష్టమేనండి" అన్నాడు ప్లీడరు. "పిల్ల తన నోటితో మా అమ్మమ్మ దగ్గరే ఉంటానంటే ఏదన్నా ఆశ. కానీ మీరేమీ నూరిపోయకండి. నేర్పినట్టు తెలిసిందా, ఉన్నది కాస్తా పోద్ది."

"ఆయ్, నేనేం నేర్పనండి. దానికి నేను చెప్పాలా?"

కోర్టు రోజున తిరుగు బస్సులో ఇద్దరూ తినడానికి నాలో పులిహోర పెట్టారు. జడ్జిగారి గదిలోకి తన్మయి ఒక్కతే వెళ్లాలన్నారు. పిల్ల భయంతో నన్ను వదల్లేదు. గుమ్మం దగ్గర ఆవిడ జడ సర్ది, "మర్యాదగా మాట్లాడమ్మా బంగారం" అన్నారు. మాట నిలబెట్టుకున్నారు, ఇంకేమీ చెప్పలేదు.

జడ్జిగారు నెమ్మదిగా అడిగారు. "నాన్న దగ్గరుంటావా తల్లీ, అమ్మమ్మ దగ్గరా?"

తన్మయి వేళ్లు నా కొక్కేన్ని తీశాయి, పెట్టాయి.

"మీ ఇష్టమండి."

"నా ఇష్టం కాదమ్మా. నీకెక్కడ బాగుంటుంది?"

వేళ్లు మూత మీది చుక్కల దగ్గర ఆగాయి. పిల్ల చెప్పకుండానే జవాబు నాకు వినిపించింది. కానీ నాకు నోరు లేదు, ఉన్న నోటికి మర్యాద నేర్పారు.

"ఎక్కడైనా పర్లేదండి."

ఆయన బిస్కెట్ ఇవ్వబోతే "వద్దండి" అంది. ఆయన ఏదో రాసుకున్నారు.

బయటికి రాగానే పరుగున వెళ్లి చెప్పింది. "అమ్మమ్మా, రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ బాగా చెప్పాను. ఎక్కడైనా పర్లేదండి అన్నాను. బిస్కెట్ కూడా తీసుకోలేదు!"

ప్లీడరు నేల చూశాడు. మంగతాయారు గారు మళ్లీ పిల్ల జడ సర్ది, "మంచి పని చేశావమ్మా" అన్నారు. బస్సులో నా మూత ఎవరూ తీయలేదు.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. నేనూ తన్మయితో హైదరాబాదు వెళ్లాను. అక్కడ బడికి వేడి నిలిచే కొత్త డబ్బా కొన్నారు. నన్ను అటకెక్కించారు. కింద ఫోను మాటలు వినిపించేవి. మొదట్లో ఏడుపు, తరువాత కబుర్లు. ఒకరోజు, "బాగున్నానండి అమ్మమ్మా" అంది. అమ్మమ్మకు ఎన్నడూ 'అండి' పెట్టని పిల్ల! అవతల ఆవిడ ఏమన్నారో నాకు తెలియదు. ఆ తరువాత ఫోన్లు తగ్గాయి.

రెండేళ్లకు ఇల్లు మారుతూ పిన్ని, అంటే గోవర్ధనం రెండో భార్య, నన్ను కిందికి దించింది. మంచి మనిషే. మూత తుడిచి, పేరు చూసి, మెల్లగా అడిగింది. "తన్మయీ, ఇది మీ అమ్మదనుకుంటా. ఉంచనా? పాతసామాను బండికి ఇచ్చేయనా?"

తన్మయి దగ్గరకొచ్చింది. వేలితో ఆ చుక్కలను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తడిమింది.

"మీ ఇష్టమండి" అంది.

ఇప్పుడు తుక్కు గుట్టలో ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారట. నా కొక్కెం ఇంకా గట్టిగానే ఉంది. లోపల ఆనాడు విన్న జవాబుంది, ఇంతవరకూ ఎవరూ తీసి చూడలేదు.