దారం అవతలి కొస

భవనం చుట్టూ ఇనపగొట్టాలు నిలబెట్టి, పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ వల దించిన రోజునుంచీ లోపలున్నవాళ్లకి నీళ్ల అడుగున కాపురం పెట్టినట్టే ఉంది. పట్టపగలు కూడా గదుల్లో పాచిరంగు వెలుగే. అద్దంలో చూసుకుంటే ఎవరి మొహం వాళ్లకే జ్వరపడి లేచినట్టు కనిపించేది. బాగుచేస్తున్నారట. కొత్త గొట్టాలు, కొత్త లిఫ్టు, నేలదాకా దిగే పెద్దపెద్ద కిటికీలు. అంతా బాగానే ఉంది కానీ, బాగుపడిన ఇంటికి అద్దె కూడా ఇంచుమించు రెండింతలవుతుందని మెట్ల దగ్గర గోడకి కాగితం అంటించి పోయారు. అది చదివినవాళ్లు చదివినట్టే సామాన్లు కట్టుకోవడం మొదలుపెట్టారు.

మూడో అంతస్తులో ఉండే తెరలక్క మాత్రం కట్టుకోలేదు. కట్టుకుని ఎక్కడికి పోతుంది? మొగుడు పోయాక కుట్టుమిషనే ఆమెకి అన్నం పెట్టింది, ఆ మిషన్ ఈ గదిలో ఈ కిటికీ పక్కనే తిరిగింది. ఆ భవనంలో ఆమె కుట్టిన తెర వేలాడని కిటికీ లేదు. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆమె తెరలక్కే. అసలు పేరు పిలిస్తే ఆమె కూడా ఎవర్నో అనుకుని వెనక్కి చూసేది.

ఆమెతోపాటు ఉండేది చెల్లెలు. మొగుడితో పొసగక ఎప్పుడో వచ్చేసింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గర పని. ముందు పళ్లు రెండు ఊడిపోవడంతో నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వేది, కానీ నవ్వడం మాత్రం మానేది కాదు. కాగితం అంటించిన నాటినుంచీ ఇద్దరూ ఖర్చు బిగించారు. పాలు సగం చేశారు. ఒకరున్న గదిలోనే దీపం, రెండోవాళ్లు కూడా అక్కడికే రావాలి.

"ఇంకొన్నాళ్లు పోతే ఒకళ్లం ఊపిరి పీలిస్తే రెండోవాళ్లం వదలాలేమోనే అక్కా," అనేది చెల్లెలు.

"నీ నోటికి మాత్రం ఖర్చు తగ్గించవు కదా."

"అదొక్కటే ఉచితం. దాన్నీ లాక్కోకు."

తెరలక్క కొలత తీసే తీరే వేరు. అంకెలతో ఆమెకి పొత్తు లేదు. ఒక పొడుగాటి నూలుదారం పట్టుకెళ్లేది. ఇంటావిడనో ఇంటాయననో ఒక కొస పట్టుకోమనేది, రెండో కొస తను లాగి, ఎత్తుకి ఒక ముడి, వెడల్పుకి ఒక ముడి వేసేది. ఇంటికో రంగు దారం. దారం అవతల పట్టుకున్న చెయ్యిని బట్టి ఆ మనిషి ఎలాంటివాళ్లో చెప్పేస్తాను అనేది కూడా. రెండో అంతస్తు గడియారాల తాత దారాన్ని చిటికెన వేలితో మీటి, "సరిగమలు పలుకుతోందమ్మా, ఇంకాస్త బిగించు," అనేవాడు. సరిగ్గా ఈమె నెత్తిమీది ఇంట్లో ఉండే పిన్ని చెయ్యి వణికేది. ఆ వణుకు దారం వెంట పాకుతూ వచ్చి ఈమె వేళ్లకి తగిలేది.

పిన్ని మొదట్లోనే ఖాళీ చేసింది. పెంచిన అద్దె ఇవ్వలేక దూరపు బంధువుల ఇంట్లో ఒక మూల సర్దుకుంది. వానలు వెళ్లకముందే అక్కడే పోయింది. ఆ కబురు తెలిసిన తరవాత కొన్నాళ్లకి మధ్యాహ్నంపూట తెరలక్కకి పైన కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ, గోడ దగ్గర్నుంచి కిటికీ దాకా. పిన్ని రోజూ అన్నం తిని వీధి చూడ్డానికి అలాగే ఈడ్చుకునేది.

"పనివాళ్లేమో," అంది చెల్లెలు.

"పనివాళ్లు పైనుంచి దిగి వారమైంది."

"అయితే ఎలకలు."

"కుర్చీ ఈడ్చే ఎలకలా?"

చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి ఊరుకుంది.

అలాంటి రోజుల్లోనే ఎర్రచుక్క బాబు తలుపు తట్టాడు. అతను యజమానికి మేనల్లుడు, పనులన్నీ అతనే చూసుకునేవాడు. చేతిలో ఓ చిన్న డబ్బా ఉండేది. దాన్ని నొక్కితే ఎదుటి గోడమీద ఎర్రటి చుక్క పడేది, ఎంత దూరమో అదే చెప్పేది. అందుకని ఆ పేరు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మర్యాదస్తుడు. గుమ్మంలోనే చెప్పులు విప్పాడు.

"అత్తయ్యా, ఖాళీ అయిన ఇళ్లన్నీ తయారయ్యాయి. చూడ్డానికి వచ్చేవాళ్లకి కిటికీలు బోడిగా కనపడితే బాగుండదు. తెరలు మీరే కుట్టాలి. బట్ట మాది. నెలాఖరుకి అన్నీ వేలాడితే, మీ ఇంటి అద్దె రెండేళ్లపాటు పెంచం. మామయ్యని ఒప్పించాను."

తెరలక్క చేతిలోని కత్తెర కింద పెట్టింది. "రెండేళ్లా?"

"రెండేళ్లు. కిటికీల కొలతలు నేను తీసిస్తా, ఒక్క పూట పని."

"ఒకళ్లు కొలిచింది నేను కత్తిరించను బాబూ. నా కొలత నాదే."

అతను నవ్వి తాళాలగుత్తి ఇచ్చి వెళ్లాడు. సాయంత్రం చెల్లెలు వచ్చి సంగతంతా విని, తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

"అంటే వెళ్లిపోయినవాళ్ల ఇళ్లకి మనం పెళ్లికూతురి ముస్తాబు చెయ్యాలన్నమాట."

"చెయ్యకపోతే మన ఇంటికి కూడా ఇంకెవరో చేస్తారు."

"అదీ నిజమే," అంది చెల్లెలు. "నాకెందుకో గొంతులో ముల్లు పడ్డట్టుంది. అయినా కుట్టు."

మర్నాడు దారపు ఉండలు కొంగులో వేసుకుని, స్టూలు చంకన పెట్టుకుని తెరలక్క బయలుదేరింది. ఇళ్లన్నీ సున్నం వాసన, రంగు వాసన. పనివాళ్లు రంగు పడకుండా కిటికీల మీద తెల్లటి ప్లాస్టిక్ పరిచి, అంచులు అంటించేసి పోయారు. దాని వెనక ఆకుపచ్చ వల. ఎక్కడ గోడ ఆగిందో ఎక్కడ కిటికీ మొదలైందో తేలడం లేదు. మొదటిది గడియారాల తాత ఖాళీ చేసి వెళ్లిన ఇల్లు. ఒకప్పుడు ఇక్కడ ఆయన బల్ల ఉండేది, ఇక్కడ ఆయన చొక్కాలు వేలాడే మేకు. ఇప్పుడు మేకు గుర్తు కూడా పూడ్చేశారు.

కొస పట్టుకునేవాళ్లు లేరు కదా, దేనికి కడదామా అని అటూ ఇటూ చూస్తూ దారం కొస పక్కకి అందించింది. అలవాటు, అంతే. "కాస్త పట్టుకో తాతా," అని నోరు తనంతట తనే అనేసింది. దారం బిగుసుకుంది.

ఆమె తల తిప్పలేదు. తిప్పితే ఏముంటుందో అని కాదు, ఏమీ ఉండకపోతే అని. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. దారం ఒక్కసారి సన్నగా జుయ్యిమని మోగింది, ఎవరో చిటికెన వేలితో మీటినట్టు. ఎత్తుకి ఒక ముడి, వెడల్పుకి ఒక ముడి.

అలా ఒక్కో ఇల్లూ. పిలిచినవాళ్లు పిలిచినట్టే పట్టుకున్నారు. మొదటి అంతస్తులో ఉండి వెళ్లిన బడిపంతులమ్మ ఎప్పట్లాగే కొస గభాలున గుంజింది. చివరికి పిన్ని ఇంట్లో, దారం వెంట ఆ వణుకు పాకుతూ వచ్చి వేళ్లకి తగిలినప్పుడు తెరలక్కకి భయం కూడా వెయ్యలేదు. పుట్టింటికి వెళ్లినట్టనిపించింది. కిందికి వచ్చాక మాత్రం ఒళ్లు చల్లబడి, దుప్పటి కప్పుకుని పడుకుంది. చెల్లెలితో ఏమీ చెప్పలేదు.

తరవాత మిషన్ ఆగితే ఒట్టు. ఇద్దరి అన్నాలూ మిషన్ పక్కనే. చెల్లెలు పనినుంచి వచ్చి అంచులు మడిచి పెట్టేది. బట్ట మంచి ఖరీదైనది, వెన్నలా జారిపోతోంది. నెలాఖరుకి ఇంకా రోజులుండగానే అన్నీ అయిపోయాయి. ఎర్రచుక్క బాబు ప్లాస్టిక్‌లన్నీ పీకించి, తనే నిచ్చెనెక్కి మొదటి ఇంట్లో తెర తగిలించాడు.

తెర నడుముదాకా వచ్చి ఆగిపోయింది. కింద కిటికీ అంతా బోసిగా ఉంది. పక్కలకి కూడా చాల్లేదు. పెద్దమనిషికి చిన్నపిల్లాడి చొక్కా తొడిగినట్టుంది.

రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లోనూ అంతే. తెరలక్క గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆ తెరలు దేనికి సరిపోతాయో ఆమెకి చూడగానే తెలిసింది. పాత కిటికీలకి. కొట్టేసి, ఇటుక పీకేసి, ఎప్పుడో చెత్తబండిలో వెళ్లిపోయిన కిటికీలకి. వాటికైతే నూలు తేడా లేకుండా అతుకుతాయి.

ఎర్రచుక్క బాబు డబ్బా నొక్కాడు. ఎర్రటి చుక్క నేలమీద పడింది. దాన్ని చూస్తూనే అడిగాడు. "కావాలనే చేశారా అత్తయ్యా?"

"లేదు బాబూ."

"మామయ్య అలాగే అనుకుంటాడు." అతను నిచ్చెన దిగి కాసేపు మెడ రుద్దుకున్నాడు. "బట్టంతా పాడైంది. మళ్లీ కొనమంటే ఆయన కొనడు. మీరే కొని, నెలాఖరులోగా సరిచేసి పెడితే నేనిచ్చిన మాట నిలబెడతాను. లేదంటే ఒకటో తారీకున మీ ఇంట్లో గోడలు కొట్టడం మొదలుపెడతారు. ఆపైన కొత్త అద్దే. నా చేతిలో ఉన్నది ఇంతే."

ఆ సాయంత్రం చెల్లెలికి అన్నీ చెప్పింది, దారం బిగుసుకున్న సంగతితో సహా. చెల్లెలు నవ్వలేదు. లేచి వెళ్లి బియ్యం డబ్బా అడుగునుంచి గుడ్డమూట తీసుకొచ్చి అక్క ఒళ్లో పెట్టింది. అది పళ్లు కట్టించుకోవడానికి దాచుకున్నది.

"వద్దే."

"పళ్లు లేకపోయినా ఇంట్లో కూర్చుని గంజి తాగొచ్చు. ఇల్లు లేకపోతే పళ్లు వేసుకుని ఎక్కడ కూర్చుని నవ్వను? తీసుకో. కానీ ఈసారి ఆ బాబునే కొలవమను."

"అతను కొలుస్తాడు. కత్తిరించేది నా చెయ్యే కదా. అది మళ్లీ పాత కిటికీనే కత్తిరిస్తుంది. నాకు తెలుస్తోంది." తెరలక్క మూట ముడి బిగించింది. "ముందు ఆ కొస పట్టుకున్నవాళ్లతో తేల్చుకోవాలి."

"ఏమని తేల్చుకుంటావు?"

తెరలక్క కొత్త దారాలు ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు కొత్త దారాలతో వెళ్లింది. ప్లాస్టిక్ లేదు, కిటికీలు నేలదాకా బట్టబయలుగా ఉన్నాయి, అయినా దారం అందించగానే బిగుసుకుంది. "తాతా, వదిలెయ్యి," అంది. అది వదల్లేదు. ఒకసారి మోగింది, ఆటపట్టిస్తున్నట్టు. "ఆటలు కాదు. నీ కిటికీ లేదిక్కడ. నువ్వు పట్టుకుంటే నాకు అదే కనిపిస్తోంది. వదులు." చాలాసేపటికి దారం వదులై ఆమె పాదాలమీద పడింది. అప్పుడు కొసని స్టూలు కాలికింద పెట్టి, స్టూలెక్కి, కడ్డీదాకా తనే లాగి ముడి వేసింది. వెడల్పుకి పనివాళ్లు వదిలేసిన అంటుపట్టీతో కొసని గోడకి అంటించింది. పంతులమ్మ మాత్రం ఒక్కమాటకే వదిలింది, కోపంగా, విసిరినట్టు. అదే ఎక్కువ తగిలింది తెరలక్కకి.

పిన్ని ఇల్లు ఆఖరికి పెట్టుకుంది. తలుపు తీసి, దారం పట్టుకుని గది మధ్యలో నిలబడింది. వణుకు వచ్చింది, ఎప్పటికంటే సన్నగా.

"పిన్నీ," అంది. మళ్లీ అంది. "పిన్నీ, వాళ్లు నిన్ను ఒకసారి పంపించేశారు. ఇప్పుడు నేను పంపిస్తున్నాను. తిట్టుకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. నీకిక్కడ కిటికీ లేదు. నాకు కింద ఇంకా ఉంది. నా చెల్లెలు పళ్ల డబ్బు తెచ్చి ఒళ్లో పోసింది. నువ్వు పట్టుకుంటే మేమిద్దరం వీధిలో పడతాం."

దారం అలాగే ఉంది. వణుకు మాత్రం ఆగింది. పిన్ని చెయ్యి వణకకుండా ఉండటం తెరలక్క ఎన్నడూ ఎరగదు. ఎంతసేపో అలా గట్టిగా, నిలకడగా పట్టుకుని, పట్టుకుని, వదిలేసింది.

తెరలక్క దారం కొసని స్టూలు కాలికింద పెట్టుకుంది.

పళ్ల డబ్బుతో బట్ట కొని మళ్లీ కుట్టిన తెరలు నేలని తాకీతాకనట్టు దిగాయి. ఎర్రచుక్క బాబు ఇంటింటికీ తిరిగి చూసి, "సరిపోయాయి అత్తయ్యా. మాట మాటే," అన్నాడు. చెప్పినట్టే ఒకటో తారీకున వాళ్ల గోడలు ఎవరూ కొట్టలేదు. పాత అద్దె పాత అద్దెగానే నడిచింది. కొన్న బట్టలో కొంచెం మిగిలింది కూడా.

"మనకీ ఓ కొత్త తెర కుట్టవే," అంది చెల్లెలు. "మనం మాత్రం ఏం పాపం చేశాం?"

చెల్లెలు ఏదో మాటవరసకి అన్నదే. తెరలక్క ఆ మాట దగ్గర కాస్త ఆగి, కొత్త దారం తీసింది. చెల్లెలు స్టూలెక్కి కొస పట్టుకుంది. తెరలక్క రెండో కొస లాగింది, ఆగింది, మళ్లీ లాగింది. దారం అవతల మనిషి ఉన్నట్టే చేతికి తెలియడం లేదు.

"పట్టుకున్నావా?"

"పట్టుకునే ఉన్నాను."

"గట్టిగా పట్టుకో."

"వేళ్లు కోసుకుపోతున్నాయి, ఇంకెంత గట్టిగా?"

తెరలక్క తలెత్తి చూసింది. చెల్లెలు అక్కడే ఉంది. దారం ఆమె వేలికి చుట్టి ఉంది, వేలి కొస తెల్లబడి కూడా ఉంది.

"ఇంకాస్త," అంది తెరలక్క. "ఇంకాస్త గట్టిగా పట్టుకోవే."